బండి కాళ్లు నేలకు ఆననివ్వండి

జూలై 4. టెక్సాస్‌లోని ఫ్రిస్కో. ఎండ తగ్గలేదు. పెరటి గచ్చు అరికాళ్లను చురుక్కుమనిపిస్తోంది. మీ ముందు విప్పిన అట్టపెట్టె: ప్లాస్టిక్ పలకలు, రెండు చక్రాలు, ఓ ఇనుప ఇరుసు, చిన్న సంచిలో స్క్రూలు. ఆరింటికి అందరూ వచ్చేస్తారు. వడ్డించే బండి అప్పటికి నిలబడాలి.

అరను పక్క పలక గాడిలో పెట్టి అరచేత్తో నొక్కుతారు. టక్. ఆ చప్పుడు వినండి. అది రాకపోతే అర కూర్చోలేదన్నమాటే, పైకి ఎంత సరిగ్గా కనిపించినా. ఇంకోసారి నొక్కండి.

చెయ్యి డ్రిల్లు వైపు పోతోంది. వద్దు. స్క్రూ ఈ ప్లాస్టిక్‌లో తన దారి తానే కోసుకుంటూ దిగుతుంది. మోటారు వేగానికి ఆ దారి నలిగిపోతే ఇక ఎంత తిప్పినా పట్టదు. చేత్తో తిప్పండి, బిగిసిందనిపించగానే ఆగండి. ఇరుసు చివర బిళ్లను సుత్తితో కొట్టేముందు చక్రం సరైన వైపే ఉందో లేదో చూసుకోండి. ఒకసారి దిగితే ఆ బిళ్ల మళ్లీ తేలిగ్గా ఊడి రాదు.

నిలబడింది! చక్రాలు ఒక వైపే, రెండో వైపు ఉత్త కాళ్లు. పిడి పట్టుకుని కాళ్లు లేపితేనే బండి కదులుతుంది.

కింది అరలో ఐసు, నీళ్ల సీసాలు సర్దుతారు. బరువు కిందుంటేనే బండి నిలకడగా ఉంటుంది. పైన విస్తళ్లు, గ్లాసులు, ఐసులో కూర్చోబెట్టిన పెరుగు చట్నీ.

తమ్ముడు పొయ్యి మీద నుంచి దించిన బిర్యానీ గిన్నెతో వస్తున్నాడు. "అన్నా, ఇదీ పెట్టేద్దాం. ఒక్కసారే పోతుంది."

పెట్టాలా? అడుగు సెగ మీ మొహానికే కొడుతోంది. ప్లాస్టిక్ కరిగేదాకా అక్కర్లేదు, మెత్తబడి వంగితే చాలు. చెక్క పలక వేస్తే సెగ ఆగుతుంది. పైకెక్కిన బరువు మాత్రం తగ్గదు.

"వద్దురా. చేత్తో పట్టుకెళ్లు."

బండి తోస్తున్నారు. గచ్చు అయిపోయింది. గడ్డి రెండంగుళాలు కిందికుంది. చక్రం జారింది. బండి ముందుకు ఒరిగింది. గ్లాసులు జారుతున్నాయి. ఎదురుగా పాప. బంతి కోసం పరిగెత్తుకొస్తోంది. లాగాలా? వదలాలా?

"అన్నా, దించెయ్!"

పిడి దించండి. కాళ్లు నేలకు ఆనాయి. బండి ఆగింది.

దీనికున్న బ్రేకు ఆ కాళ్లే. ఇక సామాను చేత్తో దించేయండి, ఖాళీ బండిని ఇద్దరు పట్టి గడ్డిలోకి దింపండి, మళ్లీ సర్దండి.

ఆకలి మీద అందరూ బిర్యానీ చుట్టూ చేరారు. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, వంటకాలను గంటకు మించి బయట ఉంచవద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. కాబట్టి గడియారం చూడండి. గంటలోపే మిగిలిన వంటకాల్ని ఇంట్లో ఫ్రిజ్‌లోకి చేర్చండి.