అనుకారుడు: ఒక మాట పూర్వస్థితి

ఒక గాయకుణ్ణి గురించి "ఫలానావారిని అనుకరిస్తున్నాడు" అంటే నేడు అది మెప్పు కాదు. సంగీతశాస్త్రంలో మాత్రం ఈ మాటకు ఇంత చులకన లేదు.

13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉండి శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రచించాడు. దేవగిరి అంటే మహారాష్ట్రలోని నేటి దౌలతాబాదే. అందులో గాయకులు ఐదు విధాలు: శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావుకుడు. చక్కగా నేర్పగలవాడు శిక్షాకారుడు. ఇతరుల బాణీని పట్టుకొని పాడేవాడు అనుకారుడు. గాయక దోషాలను ఆయన విడిగా ఇరవై ఐదు చెప్పాడు. ముక్కుతో పాడటం దోషం. కళ్లు మూసుకొని పాడటమూ దోషమే! (ఈ లెక్కన నేటి కచేరీలలో ఎందరు నిలుస్తారో!) అనుకరణ ఆ పట్టికలో లేదు. ఈ గ్రంథానికి వ్యాఖ్యానాలు రాసినవారిలో 14వ శతాబ్దపు రాచకొండ ప్రభువు సింగభూపాలుడు, 15వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న కల్లినాథుడు ప్రసిద్ధులు. కనుక ఈ విభాగం మన ప్రాంతాల పండితులకు పరిచితమైనదే.

నాట్యశాస్త్రంలో దారి వేరు. ఇతరుల చేష్టలను అనుకరిస్తే నవ్వు పుడుతుందని హాస్యరస సందర్భంలో ఉంది. రసం అనుకరణరూపమన్న శంకుకుని వాదాన్ని ఖండిస్తూ అభినవగుప్తుడు ఈ మాటనూ వాడుకున్నాడు. చులకనకు ఒక మూలం ఇక్కడ ఉన్నదని మేము భావిస్తున్నాం. గురువు పాఠాంతరాన్ని పొల్లుపోకుండా అప్పగించే శిష్యుడు అనుకారుడు కాక మరెవరు?

ఇరుగుపొరుగు భాషలు చూడండి. తమిళంలో మిమిక్రీని 'పలకురల్' అంటారు, అంటే పలు గొంతులు. అందులో అనుకరణ ప్రసక్తే లేదు. మరాఠీలో 'నకలా' చేసేవాడు నకలాకార్. ఆ అరబ్బీ మాటే తెలుగులో కచేరీ కాగితాలకు 'నకలు' అయింది, దొంగసరుకుకు 'నకిలీ' అయింది; కళాకారుడికి మాత్రం అంటలేదు. తెలుగువారు 'ధ్వన్యనుకరణ' అన్నారు. గలగల, కిలకిల వంటి మాటలకు వ్యాకరణంలో వాడే పేరే అది. వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ (1932-2018) ఆ పేరుకు గౌరవం తెచ్చారు. 2001లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

అచ్చతెలుగు 'వంత'కే అన్యాయం జరిగింది. పత్రికల్లో 'వంతపాడటం' అంటే భజన చేయడం. బుర్రకథలో వంత అలాంటివాడు కాదు. కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు నిలిచి డక్కీలు వాయిస్తారు, చరణం అందుకుంటారు, మధ్యలో ప్రశ్నిస్తారు. వారిలో ఒకడు హాస్యం చెబుతాడు, మరొకడు కథను వర్తమాన రాజకీయాల్లోకి లాగుతాడు.