మితాక్షరయు నిల్లటమును

మదరాసు హైకోర్టు తీర్పుల సంపుటములలోఁ దెలుఁగు మాట లరుదు. అట్టి యరుదైన మాటలలో నిల్లటము ఒకటి. కొడుకులు లేని గృహస్థుఁడు అల్లునిఁ దన యింటికిఁ దెచ్చుకొని, సేద్యమునందును సంసారభారమునందును దోడుగా నుంచుకొని, అందులకుఁ బ్రతిగా నాస్తిలోఁ గొడుకునకు వచ్చునంత భాగ మిచ్చుట రెడ్లలోను, గొన్నియెడలఁ గమ్మవారిలోను జిరకాలముగా నున్న యాచారము. ఇల్లటపుటల్లుఁడు దత్తపుత్త్రుఁడు కాఁడు. అతని గోత్రము మాఱదు. పుట్టినింటి యాస్తిలో హక్కు చెడదు. యాజ్ఞవల్క్యుఁడు చెప్పిన పండ్రెండు విధముల పుత్త్రులలో నతనికిఁ జోటు లేదు. పుత్త్రికాపుత్త్రుఁడు కొంత దగ్గఱవాఁడుగాఁ గనఁబడును గాని, అచ్చట హక్కు దౌహిత్రునిది, అల్లునిది కాదు.

మామ బ్రదికియున్నంతకాలము చిక్కు లేదు. అతఁడు మరణించిన పిదప దాయాదులు వచ్చి, శాస్త్రప్రకారము నీ వెవఁడవని యడిగినచో, ఇరువదియేండ్లు ఆ భూమిని దున్నినవాని గతి యేమి? హనుమంతమ్మకును రామిరెడ్డికిని నడచిన వ్యాజ్యెములో 1881లో మదరాసు హైకోర్టు ఈ యాచారమును సాధువని యంగీకరించెను. అయినను 1885లో చెంచమ్మ, సుబ్బయ్యల వ్యాజ్యెమున, ఇల్లటపుటల్లుఁడును దత్తపుత్త్రుఁడును ఒక యింట నుండి యేకముగా భుజించుచున్నను, ప్రత్యేకాచారము రుజువుకానిచో ఒకరి మరణానంతర మొకరికి ఉత్తరజీవిత్వపు హక్కు రాదని తీర్మానించెను. ఆచారమును లోనికి రానిచ్చిన న్యాయస్థానమే దానిని మరల శాస్త్రపుఁ గొలమానముతోఁ గొలిచినది.

ఆ కొలమానము మితాక్షర. విజ్ఞానేశ్వరుఁడు ఆఱవ విక్రమాదిత్యుని (1076-1126) కాలమునఁ గల్యాణపురమున రచించిన యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యానమిది. ఆ కల్యాణము 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిదే. తిక్కన సమకాలికుఁడగు మూలఘటిక కేతన దీనినిఁ దెలుఁగు పద్యములలో విజ్ఞానేశ్వరీయముగా రచించెను. అందుచే నీ గ్రంథము తెలుఁగువారికిఁ గ్రొత్తది కాదు. అయితే పండితు లెఱిఁగియుండుట వేఱు, కాఁపులు దానినిబట్టి భాగములు పంచుకొనుట వేఱు. 1810లో గోల్‌బ్రూకుదొర దాయభాగ ప్రకరణమును నింగ్లీషు చేసెను. 1864లో న్యాయస్థానముల పండిత పదవులు రద్దయ్యెను. అటుపిమ్మట న్యాయాధిపతులకు ఆ యనువాదమే ముఖ్యశరణ్యమయ్యెను.

దీనిపైఁ గత్తి దూసినవాఁడు జేమ్సు హెన్రీ నెల్సను. మదరాసు సివిలు సర్వీసులోనివాఁడు. మధుర దేశచరిత్ర వ్రాసినవాఁడు. సంస్కృత మెఱుఁగని జనసామాన్యము నెత్తిన హైకోర్టు తాను గల్పించిన యొక సంస్కృతన్యాయమును మోపుచున్నదని 1877లోను, మరల 1881లోను గ్రంథములు ప్రకటించెను. హైకోర్టు న్యాయాధిపతియైన ఇన్నెసు 1882లో గవర్నరు గ్రాంటుడఫ్‌నకు లేఖారూపముగా దీనిని ఖండించెను. నెల్సను తగ్గక 1887లో దేశాచారము, న్యాయాధిపతులు చేసిన న్యాయము అను విషయముపై వేఱొక గ్రంథము వ్రాసెను.

1868లోనే ప్రీవీ కౌన్సిలు రామనాథపుర వ్యాజ్యెములో, స్పష్టముగా రుజువైన యాచారము శాస్త్రవచనముకంటె బలవత్తరమని చెప్పియుండెను గదా, యింక వివాద మేమని కొంద ఱడుగవచ్చును. చిక్కు రుజువునందున్నది. శాస్త్రము నాశ్రయించినవాఁడు పుస్తకము చూపినఁ జాలును. ఆచారము నాశ్రయించినవాఁడు సాక్షులను బండ్లమీఁదఁ దోలుకొనిపోవలెను. ఈ యసమానతను జూచినచో నెల్సను పక్షమే బలవత్తరముగాఁ దోఁచును. కాని, శాస్త్రము దక్షిణదేశమునఁ గేవలము పరాయిదన్నట్లు పలికిన యతని ధోరణికిఁ గేతన గ్రంథమే చాలిన ప్రతివాదము.

ఐరోపాలో నిట్టి కలహము ముందే నడచినది. జర్మనీ జనులు పదునైదవ శతాబ్దాంతమునుండి రోమకన్యాయమును న్యాయస్థానములలోఁ గైకొనిరి. 1814లో థీబో అను పండితుఁడు దేశమంతటికి నొకే ధర్మసంహిత కావలెననఁగా, న్యాయము జనుల యంతరాత్మనుండి పుట్టునని సావిన్యీ ప్రత్యుత్తర మిచ్చెను. జనాత్మను గొనియాడిన యాతఁడే రోమకన్యాయమున కాచార్యుఁడగుట వింత. 1843లో బెజెలరు ఆ లోపమును బట్టుకొని, జనులన్యాయము వేఱు, పండితులన్యాయము వేఱని వాదించెను. ఆ గ్రంథము పేరును నెల్సను 1887నాఁటి గ్రంథము పేరును బ్రక్కప్రక్కన నుంచి చూచినచో నివి యొకే వివాదమునకు రెండు శాఖలని తోఁపక మానదు. జర్మనీకి సంహిత 1900 జనవరి 1న వచ్చెను.

ఐరోపా దేశములన్నింటికి నొక్క పౌరన్యాయ ముండవచ్చునా యను వాదము 1989నాఁటి ఐరోపా పార్లమెంటు తీర్మానముతో బలపడెను. న్యాయము దేశమునుండి దేశమునకు సులభముగాఁ దరలునని అలాన్ వాట్సను 1974లోఁ జెప్పెను. పదములు తరలును గాని యర్థములు తరలవని పియేర్ లెగ్రాన్ 1997లోఁ బ్రతిపాదించెను. ఫ్రాన్సు విద్యాలయ సహకారముతో 2014లో నారంభమై 2020లో విశ్వవిద్యాలయమైన బహదూర్‌పల్లి సంస్థలో నిపుడు న్యాయశాస్త్రశాఖ కలదు. శామీర్‌పేటలో, 1998లో స్థాపితమైన నల్సార్ కలదు. అచ్చట లెగ్రాన్ వాదమును జదువు విద్యార్థులకు నిదర్శనము దూరమునఁ గాక యిల్లటమునందే దొరకును. ఇంగ్లీషు తీర్పులు దీనిని దత్తతకుఁ జెల్లు మాటతోఁ బేర్కొనినను దత్తతధర్మము లన్నియు దీనిపై వ్రాలలేదు.

అయినను నెల్సనుగాని, ఇన్నెసుగాని కూఁతును గూర్చి యాలోచింపలేదు. ఇల్లటమున హక్కు ఆమెవలనఁ బుట్టి యామె భర్తకుఁ జేరును. ఈ వంకర ఆంధ్రప్రదేశ శాసనసభ 1986లోఁ జేసి, 1985 సెప్టెంబరు 5నుండి వర్తింపఁజేసిన చట్టముతోఁ దీఱనారంభించెను. అప్పటికిఁ బెండ్లికాని కూఁతులకుఁ గొడుకులతో సమముగాఁ బుట్టుకతోడనే హక్కు కలిగెను. పుట్టుకతో స్వత్వము కలుగుననునది విజ్ఞానేశ్వరుని సిద్ధాంతమే; చట్ట మా సిద్ధాంతమును గొట్టివేయక దానిలోనికిఁ గూఁతును జేర్చినది. 2005లోఁ గేంద్రచట్ట మీ హక్కును దేశమంతటికిని వ్యాపింపఁజేసెను. ఆ చట్టము వచ్చునాఁటికిఁ దండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.