గార

సున్నంతో గోడకు చేసే పూత గార. పంటిమీద గట్టిపడిన పాచీ గారే. ఇలా గట్టిపడే గారను ఇంగ్లిషులో ‘స్కేల్’ అంటారు. ఆ మాట పాత ఫ్రెంచిలో చిప్ప, పొట్టు అని అర్థమున్న మాట నుంచి వచ్చింది. బడిపిల్లల స్కేలు మాత్రం లాటిన్ నిచ్చెన సంతతి. పళ్ల డాక్టరు దగ్గర స్కేలింగ్ అంటే గార తీయడం, మురుగునీటిని సన్నటి పొర గుండా వడకట్టే ఆర్‌ఓ (రివర్స్ ఆస్మాసిస్) ప్లాంటులో గార పట్టడం. వింతే!

ఆ ప్లాంటులోకి వెళ్లే వంద లీటర్ల నీటిలో 75 లీటర్లను శుద్ధజలంగా లాగేస్తే, మిగిలిన 25 లీటర్లలో లవణాలు దాదాపు నాలుగింతలు చిక్కబడతాయి. కరిగి ఉండలేని కాల్షియం కార్బొనేట్, జిప్సం, సిలికా పొరకు అంటుకుంటాయి. కార్బొనేట్ ఆమ్లంతో కడిగితే వదులుతుంది. జిప్సం అంత తేలిగ్గా లొంగదు. సిలికా మరీ మొండిది. ఇవి కాక సూక్ష్మజీవుల జిగురు, నూనె, బురద పొరకు పట్టడాన్ని ఫౌలింగ్ అంటారు. జిగురును కడగడానికి సాధారణంగా క్షారం వాడతారు.