మేనా దిగి గుర్రమెక్కాలా?

ఇంట్లో పాత కారు మార్చాలన్న మాట ఒకసారి పుట్టిందంటే చాలు, పిల్ల పెళ్లి సంబంధానికి కూడా జరగనన్ని మంతనాలు జరుగుతాయి. బావమరుదులు, వియ్యంకులు, ఆఖరికి కారే లేని పక్కింటాయన కూడా సలహా చెప్పేస్తారు. నోరు మెదపనిదల్లా ఆ ఇంటి ఇల్లాలు ఒక్కతే. ఆవిణ్ణి అడిగేది రంగు గురించి మాత్రమే!

ఈ మంతనాల్లో ఎప్పటికీ తెగని పేచీ ఒకటుంది. పదేళ్లు, పన్నెండేళ్లు నమ్మకంగా మోసిన పెద్ద కారు ఉంటుంది. వెనక సీట్లో కూర్చుంటే మంచం మీద కూర్చున్నట్టే ఉంటుంది. దాన్నిచ్చేసి, నేలకంటుకుని దూకడానికి సిద్ధంగా ఉన్న చిరుతలాంటి కారు తెచ్చుకోవాలా? కుర్రాళ్లు తెద్దామంటారు, పెద్దవాళ్లు వద్దంటారు. ఇదేదో నిన్నమొన్న పుట్టిన తగాదా అనుకుంటాం గానీ, దీని వెనక చాలా కథే ఉంది.

అసలు ఈ పెద్ద కార్లని సెడాన్ అంటారు కదా, ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో గొప్పవాళ్లు నాలుగు వైపులా మూసి ఉన్న ఒక కుర్చీలో కూర్చునేవారు. ముందొకరూ వెనకొకరూ దాన్ని కర్రలతో మోసుకుపోయేవారు. దాని పేరు సెడాన్ కుర్చీ. అంటే ఏమిటన్నమాట? మన మేనాయే! కాకపోతే మన బోయీలు భుజాల మీద మోస్తే, వాళ్లు చేతుల్తో మోశారు. మేనాలో కూర్చున్నవాళ్లకి కుదుపు తెలియకూడదు, ఎండ తగలకూడదు. దారి ఎటు పోతోందో చూసే పని అంతకన్నా లేదు. హాయిగా కూర్చోవడమే వాళ్ల పని. గుర్రం సంగతి వేరు. గుర్రం మీద ఉన్నవాడికి కళ్లెం చేతిలో ఉంటుంది, దారి కళ్ల ముందుంటుంది. సుఖం తక్కువే గానీ హుషారు ఎక్కువ. మన ఇళ్లలో ఇవాళ జరుగుతున్నది ఈ మేనాకీ గుర్రానికీ మధ్య పోట్లాటే.

తెలంగాణలో మేనాల తర్వాతి కాలం సవారీ కచ్చురాలది. పైన గూడు, ముందూ వెనకా తెర, మెడలో గంటలు కట్టిన మంచి ఎడ్లు. గడీల్లో ఆడవాళ్లు పుట్టింటికి వెళ్లినా, జాతరకి వెళ్లినా ఆ తెర వెనకనే. గంటల చప్పుడు ఊరంతా వినిపించేది, లోపలున్న మనిషి మాత్రం ఎవరికీ కనిపించేది కాదు.

కార్లొచ్చాక కూడా మొదట్లో మేనా బుద్ధే నడిచింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్‌రాయిస్ కంపెనీ వారి సిల్వర్ ఘోస్ట్ కారు కావాలని కబురు పెట్టారు. అది చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. వెనక భాగంలో సింహాసనం లాంటి ఆసనం ఎత్తుగా అమర్చారు, నడిపేవాడు కింద, ఏలేవాడు పైన! హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్లకి ఆ పసుపుపచ్చ కారు గుర్తుండే ఉంటుంది. తమాషా ఏమిటంటే, 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన ఆ ఏడో నిజాం, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ మనిషి, రోజువారీ తిరుగుళ్లకి ఓ పాత ఫోర్డు కారునే వాడుకున్నారు. అందరూ పిసినారితనం అన్నారు. కావచ్చు. నాకు మాత్రం అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఊరేగడానికి ఒక బండి, బతకడానికి ఒక బండి అని ఆయనకి తెలుసు. మనలాంటి ఒంటి కారు సంసారాలకే వచ్చింది చిక్కంతా.

మా కామారెడ్డి వైపు కారు అనే మాట వినిపించడానికి నీళ్లే కారణం. మంజీర నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఎల్లారెడ్డికి దగ్గరే. కాలవలొచ్చాయి, చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. కామారెడ్డి బెల్లం వ్యాపారం పేరుకెక్కింది. బెల్లం డబ్బు, వడ్ల డబ్బు చేతిలో ఆడినవాళ్ల వాకిట్లో కచ్చురం పోయి కారు నిలబడింది. ఇక కారు లేనివాళ్లకి 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖ ఉండనే ఉంది. మన ఆర్టీసీకి అదే పుట్టుక. చెప్పొద్దూ, మన ఆడవాళ్లని తెర బయటికి తెచ్చిన ఘనత కార్ల కన్నా బస్సులకే ఎక్కువ దక్కాలి!

తర్వాతి కథ మీకందరికీ తెలిసిందే, అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుని తెచ్చి, హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్లోని ఉత్తరపారలో 1957 నుంచి ఆ పేరుతో తయారుచేశారు. బొద్దుగా, గుండ్రంగా, అత్తగారి అప్పడాల డబ్బాలా ఉండేది. పరుగు లేదు, సోకు అంతకన్నా లేదు. కానీ వెనక సీట్లో నలుగురు పెద్దలు, వాళ్ల ఒళ్లో నలుగురు పిల్లలు, కాళ్ల దగ్గర అరిసెల డబ్బా... ఎల్లారెడ్డి నుంచి పెళ్లివారు కామారెడ్డి దాకా అలాగే వచ్చేవారు. గుంటలో పడితే లేచేది. ఆగిపోతే ఏ ఊళ్లోనైనా చెట్టుకింద మెకానిక్కు రెంచీ పట్టుకుని బాగుచేసేవాడు. నమ్మకం అంటే అదీ. మంత్రులూ కలెక్టర్లూ అందులోనే, వెనక సీటు మీద తెల్లటి తువాలు, కిటికీలకి తెరలు. గమనించారా? కచ్చురం తెర మళ్లీ వచ్చింది!

ఆ అంబాసిడర్‌తో విసుగెత్తిన డబ్బున్నవాళ్లకి 1984లో హిందుస్థాన్ మోటార్స్ వారే కాంటెస్సా అనే కారు చూపించారు. ఇంగ్లండు వారి వాక్సాల్ కారు పోలిక. పొడుగ్గా, వెడల్పుగా, సినిమాల్లో విలన్లు దిగే కార్లలా ఉంటే కుర్రకారు వెర్రెత్తిపోయారు. పాత అంబాసిడర్లు అమ్మేసి మరీ కొన్నారు. తీరా ముందు మూత ఎత్తి చూస్తే లోపల ఏముంది? అదే 1489 సి.సి. అంబాసిడర్ ఇంజను! బండి ఒళ్లు పెరిగింది గానీ గుండె పాతదే. పాపం, చిరుత తోలు కప్పుకున్న గేదెలా ఆయాసపడేది. మరి కొన్నేళ్లకి జపాను ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను పెట్టాక గానీ అది అందానికి తగ్గ పరుగు అందుకోలేదు.

1985లో మద్రాసు స్టాండర్డ్ కంపెనీ వారు చేసిందీ అదే. ఇంగ్లండులో రోవర్ కారంటే ఆ రోజుల్లో పరుగుకీ సోకుకీ పేరు. ఆ రూపు తెచ్చుకుని, లోపల మాత్రం ఎప్పటిదో పాత స్టాండర్డ్ ఇంజనుకే మెరుగులు దిద్ది పెట్టి, స్టాండర్డ్ 2000 అన్నారు. మూడు నాలుగేళ్లకే అది కనుమరుగైంది. మనం చీరల కొట్లో పైటకొంగు జరీ చూసి మురిసిపోయి, ఇంటికొచ్చాక లోపల నేత పలచనని తెలుసుకుంటామే, అచ్చం అదే కథ. కనక మొదటి పాఠం: నమ్మకమైనదాన్ని వదులుకునేముందు, కొత్తదాని పైమెరుపు కాదు, గుండె చూడాలి.

ఈ హంగామా అంతా ఒక పక్కన జరుగుతుంటే, 1983 డిసెంబరు 14న గుర్గావ్‌లో ఒక బుల్లి కారు బయటికొచ్చింది. అదే మారుతి 800. ఇంజను 796 సి.సి. అగ్గిపెట్టెలా ఉందని నవ్వినవాళ్లున్నారు. కానీ దానికి బరువు తక్కువ, స్టీరింగు తేలిక, గేరు మెత్తన. అంబాసిడర్ స్టీరింగు తిప్పాలంటే రోట్లో పిండి రుబ్బినంత పని. ఇది అలా కాదు. ఆ కారు మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లని వెనక సీటు నుంచి ముందుకి తెచ్చిందో లెక్కపెట్టలేం. మేనాలో పుట్టి, కచ్చురంలో పెరిగి, అంబాసిడర్ తెర వెనక ఒదిగిన జాతి, కళ్లెం చేతబట్టింది ఆ బుల్లిగుర్రం మీదే. విచిత్రం చూడండి, అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే తయారీ ఆగిపోయాయి. ఒకే ఏడు, నాలుగు నెలల తేడాలో.

అన్నట్టు, అసలు ప్రపంచంలో మొట్టమొదట కారులో దూర ప్రయాణం చేసింది కూడా ఆడమనిషే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయనకి చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్లింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు, మన కామారెడ్డి నుంచి హైదరాబాదంత దూరం. దారిలో గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది, ఇంధనం మందుల షాపులో కొనుక్కుంది. భర్త కనిపెట్టిన బండిని లోకం నమ్మింది, ఆవిడ నడిపి చూపించిన తర్వాతే.

ఇంత కథ ఎందుకు తవ్వానంటే, ఈ మధ్య మా పెద్దక్క ఇంట్లో ఇదే పేచీ వచ్చింది. వాళ్లది కామారెడ్డి. వాళ్ల అత్తగారు, ఎనభై దాటిన మనిషి, ఎల్లారెడ్డిలో పాత ఇల్లు వదిలి రానంటుంది. మోకాళ్లకి ఆపరేషనయింది. నెలకి రెండుసార్లు డాక్టరుకి చూపించడానికి కామారెడ్డి తీసుకురావాలి. ఆ పని అక్కదే. నలభై దాటాక కారు నేర్చుకుని, లింగంపేట మీదుగా ఆ దారిలో తిరిగి తిరిగి ఆరితేరింది. కారేమో ఏపీ 25 నంబరు నాటి పెద్ద సెడాన్. దాన్నిచ్చేసి స్పోర్ట్సు రకం సెడాన్ కొందామని హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు, వద్దని మా బావగారు. ఆరు నెలలు వాదించుకున్నారు. మైలేజీ, హార్స్‌పవరు, రీసేలు అన్నీ వచ్చాయి మాటల్లో. ఆ కారు రోజూ నడిపే మనిషిని ఒక్క మాటా అడగలేదు.

చివరికి అక్కే ఒకరోజు, "ట్రయలుకి ఇస్తారంట కదా, తీసుకురా. షోరూము ముందు కాదు, మన ఎల్లారెడ్డి రోడ్డు మీద చూద్దాం. అత్తమ్మ కూడా వస్తది" అంది. నేనూ వెళ్లాను. కామారెడ్డి దగ్గర నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద ఆ కారు బాణంలా దూసుకుపోయింది. మలుపులో ఒరగలేదు, తడబడలేదు. అక్క మొహం చూడాలి మీరు! పదహారేళ్ల పిల్ల మొహం. తర్వాత ఎల్లారెడ్డికి పోయి, అత్తగారిని వెనక కూర్చోబెట్టి వెనక్కి తిప్పాం. ఊరూరికీ స్పీడుబ్రేకర్లు, సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఎదురుగా ట్రాక్టర్లు. మూడో స్పీడుబ్రేకరు దగ్గర ముసలావిడ, "ఏందమ్మా, ఇది కారా, ఎడ్లబండా? నా నడుములు పోతున్నయ్" అనేసింది.

అది ఆ కారు తప్పు కాదు. దాని పుట్టుకే అంత. మలుపుల్లో ఒరగకూడదంటే స్ప్రింగులు గట్టిగా ఉండాలి. పట్టు కోసం టైరు వెడల్పుగా, దాని గోడ సన్నగా ఉండాలి. నేలకీ బండి పొట్టకీ మధ్య ఎడం తక్కువుండాలి. నడిపేవాడికి అవన్నీ వరాలు, వెనక కూర్చున్నవాళ్లకి అవే శాపాలు. పెద్ద సెడాన్‌లో మెత్తటి స్ప్రింగులు గుంటని మింగేస్తాయి, అందుకే నడిపేవాడికి రోడ్డు చేతికి అంటదు. రెండూ ఒక్క బండిలో పూర్తిగా దొరకవు, ఎంత డబ్బు పోసినా కొంత రాజీ తప్పదు.

ఇంటికొచ్చాక అక్క అంది, "నాకు ఆ కారు మస్తు నచ్చింది. అబద్ధమెందుకు? కానీ అత్తమ్మ డాక్టరు తిరుగుళ్లు అయ్యేదాకా ఈ పాతదే ఉంటది. తర్వాత ఏది కొనాలో నేను చెప్త." కొడుకు ఏదో అనబోయి ఊరుకున్నాడు. మా బావగారు తాళంచెవి తీసి మేకుకి తగిలించబోతే, అక్క చెయ్యి చాపి తీసుకుని తన కొంగుకి ముడేసుకుంది.

కనక అమ్మలారా, మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే హార్స్‌పవరు లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక కాగితం మీద రాయండి: ఈ బండిలో వారానికి ఎన్నిసార్లు ఎవరెక్కడ కూర్చుంటారు? నడిపేది ఎవరు, మోయించుకునేది ఎవరు? వెనక సీట్లో మోకాళ్ల నొప్పులవాళ్లో, పసిపిల్లలవాళ్లో ఉంటే మేనాని అప్పుడే పంపెయ్యకండి. పాత కారుకి ఎక్స్ఛేంజిలో ఇచ్చే ధర దాని సేవకి ఎప్పుడూ సరితూగదు. కొత్తదాని విలువ గుమ్మం దాటగానే తరుగుతుంది. వెనక సీటు ఖాళీగా ఉండి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయి, తెల్లారగట్ల రోడ్డు మీ ఒక్కరికోసమే ఉందా? అప్పుడు ఎక్కండి గుర్రం, ఎవరేమనుకుంటే మనకేం! లోపలి గుండె కూడా కొత్తదేనా అని మాత్రం ముందు మూత ఎత్తి చూసుకోండి.

రంగు సంగతంటారా? అది మగవాళ్లని చూసుకోనివ్వండి.