రాని గడువు కూల్చిన రాత్రి

2006 మే 12. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 9 గంటల 27 నిమిషాల 28 సెకన్లు. ఏఓఎల్‌సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలుపెట్టింది. అప్పటిదాకా అదే ప్రోగ్రామ్ చక్కగా నడిచింది. ఎవరూ ఒక్క అక్షరం ముట్టుకోలేదు. మరి ఏమైంది?

డేటాబేస్‌కు పంపే అభ్యర్థనకు గడువనేదే ఉండకూడదనుకుని, సెట్టింగుల్లో వంద కోట్ల సెకన్లు రాసిపెట్టారు. యూనిక్స్ సంతతి కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. 32 బిట్ల గడిలో 2,14,74,83,647 వరకే పడుతుంది. అది నిండేది 2038 జనవరి 19న, మనకు ఉదయం 8:44:07కు. ఆపై సెకనుకు లెక్క తిరగబడి 1901 డిసెంబరులో పడుతుంది. ఆ మే రాత్రి అప్పటి సెకన్ల లెక్కకు వంద కోట్లు కలపగానే మొత్తం సరిగ్గా ఆ హద్దు దాటింది. రావలసిన గడువు ఎప్పుడో తీరిపోయినట్టు తేలింది! గడువు తగ్గించి రాస్తే గాని సర్వర్లు నిలబడలేదు.

గడిని 64 బిట్లకు పెంచితే సరిపోదా? ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ లోపల పెంచవచ్చు. చిక్కంతా ప్రోగ్రాములు కెర్నెల్‌ను అడిగే చోట, సిస్టమ్ కాల్ దగ్గర ఉంది. పాత ప్రోగ్రాము సెకన్ల కోసం నాలుగు బైట్ల చోటే ఉంచుతుంది. కెర్నెల్ ఎనిమిది రాస్తే పక్కనున్న సమాచారం చెరిగిపోతుంది.

యూనిక్స్ సంతతి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన ఓపెన్‌బీఎస్‌డీ 2014లో తెగించి అంతా ఒక్కసారే మార్చేసింది. పాత ప్రోగ్రాములన్నీ మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. లినక్స్‌కు ఆ వీలు లేదు. నడుస్తున్న ప్రోగ్రాము ఆగకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఆర్న్డ్ బెర్గ్‌మన్, తోటి డెవలపర్లు ఏళ్ల తరబడి ఒక్కో డ్రైవర్, ఒక్కో ఫైల్‌సిస్టమ్ వెతికి సరిచేస్తూ వచ్చారు. 2019లో లినక్స్ 5.1 పాత కాల్స్‌ను అలాగే ఉంచి, వాటి పక్కనే 64 బిట్ల కొత్తవి చేర్చింది. పేరు రాని పని, చప్పట్లు లేని పని. అయినా నా లెక్కలో ఇదే సరైన దారి: ఎక్కడో మూలన నడిచే యంత్రాన్ని కూడా వదిలేయలేదు.

కెర్నెల్ మారినా కింది పరికరం తనంతట తాను మారదు. 32 బిట్ల మీటరో, కంట్రోలరో కొనే కాగితం మీద సంతకం పెట్టేవారు ఇవాళే అమ్మేవారిని అడగండి: దీని గడియారాన్ని 2038 జనవరి 20కి తిప్పి నడిపి చూశారా?