హోఫెర్ వారి ఆడపడుచు, ఒక ఈగ

లండను నగరమందలి నేషనల్ గ్యాలరీలో సుమారు 54 సెంటీమీటర్ల ఎత్తు, 41 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక కొయ్యపలక కలదు. దానిపై 1470 ప్రాంతమున దక్షిణ జర్మనీలోని స్వాబియా సీమకు చెందిన ఒక చిత్రకారుడు తైలవర్ణములతో ఒక యువతిని చిత్రించెను. ఆమె తలపై మడతలు మడతలుగా చుట్టిన తెల్లని వస్త్రము. దానిపై ఒక ఈగ! చూచువానికి దానిని తోలవలెనని చేయి ఎత్తబుద్ధియగును.

ఇట్టి భ్రమ కల్పించుటకు నూనె యొక్క రసాయన గుణము మిక్కిలి తోడ్పడినది. గ్రుడ్డుసొనతో కలిపిన రంగు త్వరగా ఆరిపోవును. ఛాయలను ఒకదానిలో నొకటి కలుపుటకు వ్యవధి యుండదు. ఆనాటి చిత్రకారులు విరివిగా వాడిన అవిసెనూనె అట్లు కాదు. నీరువలె ఆవిరియై పోక, అది గాలిలోని ఆమ్లజనిని మెల్లగా గ్రహించును. దాని అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని గట్టి పొరగా మారును. ఆరుటకు దినములు పట్టును గనుక ఈగ రెక్క, దాని క్రింది నీడ వంటివి తీరికగా దిద్దవచ్చును. ఆ కాలపు తలగుడ్డలను నేసినదియు సాధారణముగా అవిసెనారతోనే యనుట ఒక వింత.

పలక సిల్వర్ ఫర్ అను సూదియాకుల చెట్టుది. నెదర్లాండ్సు చిత్రకారులు బాల్టిక్ తీరపు ఓక్ కొయ్యను, ఇటలీవారు పాప్లర్‌ను ఎక్కువగా వాడిరి. ఫర్ దక్షిణ జర్మనీ కొండలలో పెరుగునది. చిత్రకారుని పేరు తెలియనపుడు కొయ్యయు సాక్ష్యము పలుకును.

ఈగ ఎందులకు? జీవితము క్షణికమని తెలుపుటకని కొందరందురు. జొట్టో బాల్యమున తన గురువు చిత్రములోని ముక్కుపై ఈగను వ్రాసి ఆయనను మోసగించెనని 16వ శతాబ్దమున వాసారి ఒక కథ చెప్పెను. పెట్రుస్ క్రిస్టుస్ 1446లో ఒక సన్యాసి పటమున చిత్రించిన చట్టముపై ఈగను వ్రాసెను. వీనిని బట్టి చూడగా, ఇది వేదాంతము కన్న హస్తకౌశల ప్రదర్శనమే యని నాకు తోచుచున్నది.

పటముపై ‘గెబోర్నె హోఫెరిన్’ అని రెండే మాటలు కలవు. పుట్టుకచే హోఫెర్ కుటుంబపుది అని అర్థము. మన వాడుకలో హోఫెర్ వారి ఆడపడుచు. ఆమె సొంత పేరు లేదు, భర్త పేరును లేదు. ఇంటిలోని వారికి ఆమె ఎవరో తెలిసియే యుండును. వ్రాయ నవసరము లేకపోయినది. విక్టోరియా రాణి తన భర్త కోరిక ననుసరించి 1863లో ఈ పటమును గ్యాలరీకి ఇచ్చునాటికి ఆ తెలిసినవారు గతించి దాదాపు నాలుగు శతాబ్దములైనది.

ఆమె వ్రేళ్ల నడుమ నీలిపూల రెమ్మ యొకటి యున్నది. జర్మను భాషలో ఆ పూవు పేరునకు ‘నన్ను మరువకుము’ అని అర్థము.