పిలిస్తే పలికే వైద్యం

డాక్టరనగానే మన కళ్ళముందు కదిలేది మెడలో వేలాడే స్టెతస్కోపు. పిల్లలు డాక్టరాట ఆడుకున్నా సరే, ఏ తాడుముక్కో మెడలో వేసుకున్నాకే తక్కిన ఆట. ఆ స్టెతస్కోపు పుట్టడానికి కారణం, ఒక ఆడపిల్ల ఎదుట ఒక డాక్టరుగారు పడిన మొహమాటమంటే నమ్ముతారా?

1816లో పారిస్ నగరంలో రెనే లెన్నెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బు లక్షణాలున్న యువతి వచ్చింది. రోగి గుండెమీద చెవి ఆనించి వినడం ఆనాటి పద్ధతుల్లో ఒకటి. వయసులో ఉన్న పిల్ల, ఎలా వినడం? ఆయన ఆలోచించి, కొన్ని కాగితాలు గట్టిగా గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండెమీద, రెండో కొస తన చెవికి ఆనించుకున్నాడు. నేరుగా చెవి పెట్టినప్పటికంటే చప్పుడు స్పష్టంగా వినబడిందట!

రోగికీ వైద్యుడికీ మధ్య అలా మూరెడు దూరం వచ్చింది. అయినా వైద్యం చెడలేదు సరికదా, బాగుపడింది. ఆ మూరెడు దూరాన్ని ఎంతవరకు సాగదీయవచ్చు అన్నదే ఆ తరువాతి రెండువందల ఏళ్ళ కథ. ఇవాళ మన చేతిసంచీలో తాళాలగుత్తి పక్కన పడుండే సెల్‌ఫోను ఆ కథలో ఇప్పటికి వచ్చిన తాజా మలుపు.

టెలిఫోను 1876లో పుట్టింది. నాలుగేళ్ళు తిరక్కుండానే అది వైద్యంలోకి అడుగుపెట్టింది. 1879లో లండను వైద్యపత్రిక ‘లాన్సెట్’ ఒక ముచ్చట ప్రచురించింది. అర్ధరాత్రివేళ పసిబిడ్డకి దగ్గు. గొంతు పూడుకుపోయే ప్రమాదకరమైన జబ్బేమోనని ఇంటిల్లిపాదికీ భయం. డాక్టరుకి ఫోను చేసేరు. “బిడ్డని ఫోను దగ్గరికి ఎత్తిపట్టుకోండి, దగ్గు విననివ్వండి” అన్నాడాయన. విన్నాడు. మీరు భయపడే జబ్బు కాదు, పడుకోండని చెప్పి, తానూ పడుకున్నాడు. పసిపిల్లల తల్లులకి ఈ కథ విలువ వేరే చెప్పాలా? ఆ రాత్రి ఆ ఇంటికి అందినది మందు కాదు, ధైర్యం.

దగ్గు సరే, గుండె మాటేమిటి? హాలెండులో లైడెన్ నగరంలో ఐంతోవెన్ అనే శాస్త్రజ్ఞుడు గుండె కొట్టుకునే తీరుని గీతలుగా చూపే యంత్రం తయారుచేసేడు. ఇప్పుడు మనం ఈసీజీ అంటున్నది దానినుంచి వచ్చినదే. కాని ఆ యంత్రం బరువు రెండువందల యాభై కిలోలపైన! నడపడానికి అయిదుగురు మనుషులు కావాలి. దాన్ని రోగి మంచం దగ్గరికి మొయ్యడం కుదిరేపని కాదు. కదల్లేని రోగిని యంత్రం దగ్గరికి తేవడమూ కుదరదు. అప్పుడాయన 1905లో ఆసుపత్రినుంచి తన ప్రయోగశాలకి, కిలోమీటరున్నర దూరం, టెలిఫోను తీగమీదుగా గుండె సంకేతాన్ని రప్పించేడు. రోగి అక్కడే, యంత్రం ఇక్కడే. నడిచి వచ్చింది గుండె చప్పుడొక్కటే.

ఇంతవరకూ వింటే అంతా సవ్యంగానే నడిచిందనిపిస్తుంది. కాని తీగ చేరినచోటికల్లా వైద్యం చేరదు. ఆస్ట్రేలియాలో 1917లో జరిగిన సంగతి అది నేర్పింది.

ఆ దేశపు వాయవ్యమూల హాల్స్ క్రీక్ అనే కుగ్రామం. గుర్రంమీద పశువుల్ని తోలే జిమ్మీ డార్సీ అనే కుర్రాడికి పెద్ద దెబ్బ తగిలింది. ఊళ్ళో డాక్టరు లేడు. ప్రథమచికిత్స కాస్త తెలిసిన పోస్టుమాస్టరు టకెట్ ఉన్నాడు. ఆయన దగ్గర టెలిగ్రాఫు ఉంది. వేల కిలోమీటర్ల అవతల పెర్త్ నగరంలోని డాక్టరు హాలండ్, కట్ట కట కట్ట అంటూ తంతిమీద ఒక్కొక్క మాటా చెబుతూంటే, పోస్టుమాస్టరు చాకుతో ఆపరేషను చేసేడు! ఆ తరువాత డాక్టరు స్వయంగా బయలుదేరి, పశువుల ఓడమీద, కారుమీద, గుర్రపుబండిమీద పది రోజులకి పైగా ప్రయాణం చేసి ఆ ఊరు చేరేడు. డార్సీ ఆ ముందురోజే కన్నుమూశాడు.

ఈ కథ విని కలతపడినవాళ్ళలో జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడొకడు. ఆయన పట్టుదలవల్ల 1928 మే 17న క్లాన్‌కర్రీ అనే ఊరినుంచి మొదటి ‘ఎగిరే డాక్టరు’ విమానమెక్కేడు. బాగానే ఉంది. కాని ఎడారిలాంటి చోట విసిరేసినట్టుండే ఇళ్ళవాళ్ళు, కరెంటు లేనివాళ్ళు, ఆ డాక్టర్ని పిలవడమెలా? ట్రేగర్ అనే ఇంజనీరు 1929లో కాలితో తొక్కితే కరెంటు పుట్టే రేడియో తయారుచేసేడు. మనం కుట్టుమిషను తొక్కుతామే, అలాగన్నమాట.

మగవాళ్ళు పశువుల వెంట రోజులతరబడి వెళ్ళిపోతే, ఇంటిదగ్గర కూర్చుని ఆ రేడియో తొక్కింది ఎక్కువగా ఆడవాళ్ళే. ఇంటింటికీ ఇచ్చిన మందులపెట్టెలో సీసాలకి నంబర్లుండేవి. డాక్టరు రేడియోలో ఫలానా నంబరు ఇమ్మంటే ఈవిడ ఆ మందే తీసి ఇచ్చేది. దీనిమీద అక్కడివాళ్ళు చెప్పుకునే హాస్యం ఒకటుంది. తొమ్మిదో నంబరు మాత్ర ఇమ్మన్నాడట డాక్టరు. అది అయిపోయింది. అంచేత ఇల్లాలు అయిదోదీ నాలుగోదీ కలిపి ఇచ్చిందట! లెక్క తప్పలేదు మరి. వైద్యం పనయ్యాక అదే రేడియోలో ఆడవాళ్ళందరూ కబుర్లాడుకునేవారు. ఆ వేళకి, గోలచేసే చిలకజాతి పక్షి పేరుమీద, ‘గలా సెషన్’ అని పేరు పడింది. ఎగతాళికి పెట్టిన పేరే కావచ్చుగాని, చుట్టుపక్కల మనిషి అలికిడి లేని తల్లికి ఆ కబుర్లూ ఒక మందే కదా!

తీగ తెగి ఫోను చేతిలోకి వచ్చింది 1973 ఏప్రిల్ 3న. న్యూయార్కు వీధిలో మార్టిన్ కూపర్ కిలోకి పైగా బరువున్న ఫోనులో మాట్లాడేడు. మన దేశంలో మొదటి సెల్‌ఫోను పలకరింపు 1995 జూలై 31న, కలకత్తాకీ ఢిల్లీకీ మధ్య. మనకి వచ్చే కాలుకి కూడా మనమే డబ్బు కట్టిన రోజులవి!

మన తెలుగునాట 2000లో చిత్తూరు జిల్లా అరగొండ ఆసుపత్రినుంచి ఉపగ్రహం ద్వారా దూరాన ఉన్న స్పెషలిస్టులు రోగులని చూడడం మొదలయింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలయింది. ఆ మూడంకెలు మన ఇళ్ళలో ఎంత నాటుకున్నాయో చెప్పక్కర్లేదు. కాన్పు నొప్పులు రాత్రిపూటే వస్తాయి కాబోలని నవ్వుకుంటూంటారు పెద్దవాళ్ళు. ఆ రాత్రుల్లో ఎడ్లబండికోసం ఇల్లిల్లూ తిరిగిన రోజులు తెలిసినవాళ్ళకే ఆ బండి కూత విలువ తెలుస్తుంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏ.ఎన్.ఎం.ల చేతికి పలకలాంటి టాబ్లెట్లిచ్చేరు. గర్భిణుల వివరాలు, పిల్లల టీకాలు లావుపాటి రిజిస్టర్లలో రాసుకునే శ్రమ తగ్గించడానికి. 2020లో కరోనా వచ్చినపుడు, మార్చి 25న, ఫోనుమీదా వీడియోమీదా వైద్యం ఎలా చెయ్యాలో దేశానికంతకీ నియమాలు వచ్చేయి. గడప దాటరాని ఆ రోజుల్లో షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్ళకి డాక్టరు గొంతు ఫోనులోనే వినబడింది.

వీటన్నిటికంటే నాకు నచ్చిన కథ కెన్యాది. 2010లో ‘లాన్సెట్’లోనే అచ్చయింది. ఎయిడ్స్ వ్యాధికి మందులు వాడేవాళ్ళు నడుమ మానేస్తే ప్రమాదం. 538 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టువాళ్ళకి నర్సులు వారానికొకసారి సెల్‌ఫోనులో చిన్న సందేశం పంపేవారు. ‘మాంబో?’ అని. స్వాహిలీ భాషలో ‘ఎలా ఉన్నారు?’ అన్నమాట. బాగుంటే ‘సావా’, ఇబ్బంది ఉంటే ‘షిదా’ అని జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్ళకి నర్సు ఫోను చేసి మాట్లాడేది. మందులు సరిగా వేసుకున్నవాళ్ళు పలకరింపు అందిన జట్టులో నూటికి 62 మంది, అందని జట్టులో 50 మంది. మందులు ఇద్దరికీ అవే. ‘ఎలా ఉన్నారు?’ అన్న పలకరింపే తేడా.

అయితే ఆ పలకరింపు ఎవరి చేతికి అందుతోంది? మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉందన్న ఆడవాళ్ళు నూటికి 54 మందే. తక్కినవాళ్ళ ఇళ్ళలో ఫోను ఉన్నా, అది భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. నెల తప్పిందనో, రొమ్ములో గడ్డ తగులుతోందనో డాక్టరమ్మతో చెప్పుకోవాలంటే, ముందు ఇంట్లో మగవాళ్ళతో చెప్పి ఫోను అడుక్కోవాలి. అలా చెప్పలేకే కదా, ఎందరో ఆడవాళ్ళు జబ్బు ముదిరేదాకా ఊరుకున్నది!

ఆడదాని మొహమాటం తెలిసిన డాక్టరు చేతిలో గొట్టం పుట్టింది. ఎడారిలో పెడలు తొక్కిన ఇల్లాలి చేతిలో రేడియో పనికొచ్చింది. ఫోనూ అంతే. మన ఇంట్లో అమ్మకో, అత్తగారికో, పనిచేసే అమ్మాయికో తనదంటూ ఒక ఫోను ఉందో లేదో చూడండి. లేకపోతే ఒకటి కొనిపెట్టి, డాక్టరమ్మ నంబరూ, 108 ఎలా నొక్కాలో నేర్పండి. పండక్కి కొనే చీరకంటే అది ఎక్కువకాలం అక్కరకొస్తుంది.